తలకి దెబ్బ తగిలింది, సీటీ స్కాన్ తీయించాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

రాత్రి డ్యూటీలో క్యాజువాలిటీ తలుపు తోసుకుని వచ్చేవాళ్ళు మొదట అనే మాట "ముందు స్కాన్ తీయించండి సార్" అని. నేను మొదట అడిగేది "పడ్డప్పుడు పక్కన ఎవరున్నారు?" అని. ఈ రెండు మాటల మధ్య రోజూ కాస్త పెనుగులాట జరుగుతుంది. అక్కడ నిలబడి తీరిగ్గా చెప్పడానికి కుదరని జవాబులే ఇవి. ఇదంతా మాట్లాడుతూ, నడుస్తూ వచ్చేవాళ్ళ గురించి. మనిషి స్పృహ లేకుండా పడి ఉంటే చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి.

తలకి దెబ్బ అంటే స్కాన్ తీసేస్తే పోలా? ఇంత ఆలోచన దేనికి?

తీసేయడం తేలికే, నిమిషాల్లో అయిపోతుంది. కానీ చిన్న దెబ్బతో వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి స్కాన్ నార్మల్‌గానే వస్తుంది. కెనడాలో ఇయన్ స్టీల్ అనే ఎమర్జెన్సీ డాక్టరు, ఆయన బృందం 10 ఆసుపత్రుల్లో 3,121 మంది పెద్దవాళ్ళని గమనించి 2001లో ‘లాన్సెట్’ పత్రికలో ఫలితాలు వేశారు. దెబ్బ తగిలి కాసేపు స్పృహ తప్పినవాళ్ళనీ, జరిగింది మర్చిపోయినవాళ్ళనీ, అయోమయంగా ఉన్నవాళ్ళనీ మాత్రమే అందులో చేర్చుకున్నారు. ఉత్త బొప్పితో వచ్చినవాళ్ళు ఆ లెక్కలోనే లేరు. అలా ఏరిన వాళ్ళలో కూడా పట్టించుకోవాల్సినంత గాయం మెదడులో కనబడింది నూటికి 8 మందికి. న్యూరోసర్జన్ అవసరం పడింది నూటికి ఒక్కరికి.

ఆ ఒక్కరు ఎవరో కనిపెట్టడమే మా పని. అందరినీ స్కాన్‌లోకి పంపితే ఆ ఒక్కరూ దొరుకుతారు నిజమే. కానీ పక్క మంచం మీద పక్షవాతంతో వచ్చిన పెద్దాయన అప్పుడు లైన్లో ఆగాలి.

"చిన్న దెబ్బ" అని ఎలా తేలుస్తారు? రక్తం చూసా?

రక్తం చూసి కాదు. తల చర్మానికి రక్తనాళాలు ఎక్కువ, అంగుళం చీలితే చొక్కా అంతా తడుస్తుంది, లోపల మెదడుకి ఏమీ కాకపోవచ్చు. పైన గీత కూడా పడకుండా లోపల రక్తం పేరుకున్నవాళ్ళూ ఉంటారు.

మేము చూసేది గ్లాస్గో కోమా స్కేల్, అంటే స్పృహ ఎంత ఉందో చూసి వేసే మార్కులు. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు తయారుచేశారు. కళ్ళు తెరవడానికి 4 మార్కులు, మాటకి 5, కాళ్ళూ చేతులూ కదపడానికి 6. మొత్తం 15. 13 నుంచి 15 వరకూ ఉంటే చిన్న దెబ్బ కిందే రాస్తాం.

ఇందులో మోసం చేసేది 14. ఇరవై ఏళ్ళ కుర్రాడు బండి మీద నుంచి పడి వచ్చాడు. కూర్చున్నాడు, పేరు చెప్పాడు, నీళ్ళు అడిగి తాగాడు. "బాగానే ఉన్నాడు కదా" అన్నాడు స్నేహితుడు. కుర్రాడు "నా బండి ఏదిరా?" అన్నాడు. "స్టేషన్ దగ్గర పెట్టార్రా." ఐదు నిమిషాలకి మళ్ళీ "నా బండి ఏదిరా?" నాలుగోసారి అడిగేసరికి స్నేహితుడు విసుక్కున్నాడు. నేను మాత్రం కేసు షీట్ మీద 15 కొట్టేసి 14 వేశాను. చెప్పిన జవాబు బుర్రలో నిలబడటం లేదంటే అది అయోమయమే, ఎంత చక్కగా మాట్లాడినా సరే. ఆ స్నేహితుడు పక్కన లేకపోతే నాకు అది తెలిసేదే కాదు.

పెద్దవాళ్ళలో ఏమేం ఉంటే స్కాన్ తప్పదు?

పైన చెప్పిన పరిశోధన నుంచి పుట్టిందే కెనడియన్ సీటీ హెడ్ రూల్. 16 ఏళ్ళు నిండి, దెబ్బ తర్వాత స్పృహ తప్పడమో, మరుపో, అయోమయమో ఉన్నవాళ్ళకి ఇది వర్తిస్తుంది. వాళ్ళలో కింద చెప్పినవాటిలో ఒక్కటి ఉన్నా స్కాన్ తీస్తాం:

- దెబ్బ తగిలి రెండు గంటలైనా 15కి 15 రాకపోవడం
- పైన చర్మం చీలి పుర్రె ఎముక విరిగిందనో, ఎముక లోపలికి నొక్కుకుపోయిందనో అనుమానం
- పుర్రె అడుగుభాగం విరిగిన గుర్తులు
- రెండు లేదా అంతకన్నా ఎక్కువ వాంతులు
- వయసు 65 లేదా ఆ పైన
- దెబ్బకి ముందు జరిగినదాంట్లో అరగంట లేదా అంతకన్నా ఎక్కువసేపు గుర్తు లేకపోవడం
- ప్రమాదం జరిగిన తీరు పెద్దది కావడం: నడిచేవాళ్ళని వాహనం గుద్దడం, వాహనంలోంచి విసిరేసినట్టు బయటపడటం, మూడడుగుల కన్నా లేదా ఐదు మెట్ల కన్నా ఎత్తు నుంచి పడటం

పుర్రె అడుగు విరిగితే రెండు కళ్ళ చుట్టూ నల్లగా కమిలిపోతుంది, చెవి వెనక కమిలినట్టు మచ్చ వస్తుంది, ముక్కులోంచి గాని చెవిలోంచి గాని రక్తమో నీళ్ళలాంటి ద్రవమో కారుతుంది. కమిలిన మచ్చలు వెంటనే కనబడవు, కొన్ని గంటలు పట్టొచ్చు. "చెవిలోంచి రక్తం రాలేదు కాబట్టి భయం లేదు" అని మనవాళ్ళు ధీమాగా అంటారు. అది వస్తే ప్రమాదమన్న మాట నిజం. రాకపోతే ప్రమాదం లేదన్నది మాత్రం మనం కల్పించుకున్నదే.

ఫిట్స్ వచ్చినా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా ఏ రూలూ చూడం, నేరుగా స్కాన్‌కే.

ఒక మాట చెప్పాలి. ఆ రూల్ కెనడా రోడ్లని చూసి రాసింది. మన టూవీలర్ ఊసు అందులో విడిగా లేదు. స్పీడ్‌గా పోతున్న బండి మీద నుంచి హెల్మెట్ లేకుండా ఎగిరిపడిన మనిషిని నేను "వాహనంలోంచి విసిరేసినట్టు" అన్న గీత కిందే లెక్కేస్తాను. గేటు దగ్గర బండి తిప్పుతూ పక్కకి ఒరిగినవాడిని అలా లెక్కేయను.

రెండు గంటలు ఎందుకు కూర్చోబెడతారు? ఏమీ చేయకుండా!

చూడటం కూడా వైద్యమే, బిల్లులో కనబడదంతే. దెబ్బ తగిలిన వెంటనే చాలామంది కాస్త మసకగా ఉంటారు, గంట గంటకీ తేటపడతారు. అలా తేటపడకపోవడం, తేటపడ్డవాళ్ళు మళ్ళీ మత్తులోకి జారడం, ఈ రెండే మాకు టెన్షన్.

రెండోది మరీ ఘోరం. కణత దగ్గర ఎముక పల్చన. దాని లోపలి వైపు ఆనుకుని ఒక ధమని పోతుంది. ఎముక చిట్లి అది తెగితే రక్తం పుర్రెకీ మెదడు పొరకీ మధ్య పేరుకుంటుంది. అది మెదడుని నొక్కేదాకా మనిషి మామూలుగా నవ్వుతూ మాట్లాడొచ్చు. 2009 మార్చిలో బ్రిటిష్ నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలో మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయింది. తలకి హెల్మెట్ లేదు. బాగానే ఉన్నానని చెప్పి వైద్యసాయం వద్దంది. కాసేపటికి తలనొప్పి మొదలైంది. రెండు రోజుల్లో చనిపోయింది. ఈ రకం రక్తస్రావమే కారణం.

ఇలాంటివి అరుదు. కానీ "లేచి నడిచాడు కదా, ఇంక ఇంటికి పోదాం" అనేవాళ్ళకి నేను చెప్పే కథ ఇదే.

ఒక్క వాంతే అయింది. లెక్కలోకి వస్తుందా?

కెనడా రూల్ ప్రకారం పెద్దవాళ్ళలో రెండు కావాలి. కడుపునిండా తిన్నవాళ్ళు, తాగినవాళ్ళు, భయపడ్డవాళ్ళు ఒకసారి కక్కడం మామూలే. అంబులెన్సులో అయింది, ఇంటి దగ్గర అయింది కలిపి లెక్కపెట్టి చెప్పండి. "మధ్యలో ఏదో కొంచెం" అంటే మాకు అర్థం కాదు.

ఒక ఆసుపత్రిలో అక్కర్లేదన్నారు, ఇంకోచోట వెంటనే తీశారు. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ కాకపోవచ్చు. 2000లో అమెరికా నుంచి వచ్చిన న్యూ ఆర్లియన్స్ పద్ధతిలో తలనొప్పి, ఒక్క వాంతి, 60 దాటిన వయసు, మత్తులో ఉండటం, కాలర్ బోన్ పైన ఎక్కడైనా గాయం కనబడటం, ఇవన్నీ స్కాన్‌కి కారణాలే. తలకి దెబ్బ తగిలిందని వచ్చినవాడికి తలనొప్పో గాయమో లేకుండా ఉంటుందా? ఈ రెండు పద్ధతుల్నీ 2005లో ఒకే రోగుల మీద పోల్చి చూశారు. ఆపరేషన్ అవసరమైన మనిషిని రెండూ వదిలేయలేదు. స్కాన్ మాత్రం కెనడా పద్ధతిలో నూటికి 52 మందికి, న్యూ ఆర్లియన్స్ పద్ధతిలో 88 మందికి పడింది. నేను కెనడా వైపే.

దీనికి తోడు కేసులు, ఇన్సూరెన్సు, బంధువుల గొడవ. యాక్సిడెంట్ కేసు కాగితాల్లో స్కాన్ ఉంటే మంచిదని ఎవరో చెప్పారంటూ అడుగుతారు. డాక్టరు రాసిన గాయాల వివరాలు, రెండు గంటలు గమనించిన నోట్ కూడా రికార్డే. కాగితం కోసం స్కాన్ తీయడం నాకు నచ్చదు. కొన్నిసార్లు గుంపు ముందు నేనూ తగ్గాను, ఒప్పుకుంటాను.

రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. తేడా ఉంటుందా?

చాలా. గుండె వాల్వు మార్చుకుని అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటివి వేసుకునేవాళ్ళు మన దగ్గర తక్కువేం కాదు. కెనడా రూల్ తయారుచేసేటప్పుడు ఇలాంటివాళ్ళని చేర్చుకోలేదు, కాబట్టి ఆ రూల్ చూపించి వీళ్ళని ఇంటికి పంపకూడదు. స్పృహ తప్పకపోయినా వీళ్ళకి స్కాన్ గురించి ఆలోచించాల్సిందే, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష కూడా చేస్తాం. ఇంగ్లండ్ వాళ్ళ ‘నైస్’ మార్గదర్శకాలు 2023లో ఇంకే లక్షణం లేనివాళ్ళ విషయంలో "తీయాలి" అన్న మాటని "తీసే ఆలోచన చేయండి" అని కాస్త మెత్తబరిచాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళనీ ఇదే కోవలో పెట్టాయి. ఒక్క ఆస్పిరిన్ మాత్రమే వాడేవాళ్ళని పెట్టలేదు.

మాత్ర పేరు గుర్తుండదు, "గుండెకి చిన్న తెల్ల మాత్ర" అంటారు. తెల్లవి వంద ఉంటాయమ్మా. మాత్రల షీటు సంచిలో వేసుకు రండి, లేదా ఇంట్లో ఉన్నవాళ్ళ చేత ఫోటో పెట్టించండి. మాత్రని మీ అంతట మీరు ఆపేయకండి, వాల్వు ఉన్నవాళ్ళకి అదో ప్రమాదం.

తాగి పడ్డాడు. పడుకుంటే మత్తు దిగిపోతుందిలే అనుకోవచ్చా?

నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట "తాగి పడుకున్నాడులే". తాగినవాడు తూలుతాడు, కక్కుతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. మెదడులో రక్తం పేరుకున్నవాడూ అంతే. పక్కపక్కన పెడితే నేనూ పోల్చుకోలేను. అందుకే మత్తు తాగుడు వల్లే అని ఒప్పుకునేముందు షుగర్ చూస్తాం, గంట గంటకీ లేపుతాం. టైంతో పాటు తేటపడితే సరే. పడకపోతే స్కాన్. ఇంట్లో తాగి తలకి దెబ్బ తగిలించుకున్న మనిషిని వసారాలో ఒంటరిగా పడుకోబెట్టకండి.

మా నాన్నగారికి 72. బాత్రూంలో జారారు. ఏమీ కాలేదంటున్నారు.

65 దాటినవాళ్ళు కాసేపు స్పృహ తప్పినా, పడ్డ సంగతి గుర్తులేకపోయినా స్కాన్ తీయించడమే. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది, పుర్రెకీ దానికీ మధ్య జాగా పెరుగుతుంది, ఆ జాగాలో సాగి ఉన్న సన్నని సిరలు చిన్న కుదుపుకే తెగుతాయి. రక్తం మెల్లగా, రోజుల తరబడి ఊరుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒకావిడని కొడుకులు పక్షవాతం అనుకుని తీసుకొచ్చారు. వారం రోజులుగా కాలు ఈడుస్తోంది, కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోంది, మనవరాలిని కూతురి పేరుతో పిలుస్తోంది. "వయసు మీద పడింది కదండీ" అన్నాడు పెద్దకొడుకు. ఈ మధ్య పడ్డారా అంటే లేదు అన్నారు అందరూ. చివర్లో కోడలు మెల్లగా అంది: "నెలక్రితం తులసికోట దగ్గర కాలు జారింది కదా, తల గట్టుకి తగిలింది." స్కాన్‌లో ఒక పక్కంతా పాత రక్తం. పుర్రెకి చిన్న రంధ్రం చేసి బయటికి తీశారు. నడిచి ఇంటికి వెళ్ళింది. ఆ రోజు రోగాన్ని కనిపెట్టింది నేను కాదు, ఆ కోడలు.

కాబట్టి పెద్దవాళ్ళు పడితే, ఆ రోజు స్కాన్ తీసినా తీయకపోయినా, క్యాలెండర్‌లో ఆ తేదీ దగ్గర రాసి పెట్టండి.

పాప మంచం మీద నుంచి పడింది. స్కాన్ తీయించాలా?

చాలాసార్లు అక్కర్లేదు. పిల్లల కోసం వేరే రూల్ ఉంది, పేరు పీకార్న్. అమెరికాలో 25 ఎమర్జెన్సీ విభాగాల్లో 42,412 మంది పిల్లల్ని చూసి 2009లో తయారుచేశారు. రెండేళ్ళలోపు పిల్లల్లో ఆరు సంగతులు చూస్తారు: మత్తుగా చికాకుగా ఉందా, ఎముక విరిగినట్టు చేతికి తగులుతోందా, నుదురు కాకుండా తల పక్కన గాని వెనక గాని బొప్పి ఉందా, ఐదు సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ స్పృహ తప్పిందా, మూడడుగుల కన్నా ఎత్తు నుంచి పడటం లాంటి పెద్ద దెబ్బా, అమ్మకి పిల్ల తేడాగా అనిపిస్తోందా. ఈ ఆరూ లేని పిల్లల్లో మెదడుకి పెద్ద గాయం ఉండే అవకాశం 5,000 మందిలో ఒకరి కన్నా తక్కువ. మొదటి రెండిట్లో ఏదైనా ఉంటే స్కాన్. మిగతా నాలుగిట్లో ఒక్కటే ఉంటే ఎక్కువగా కొన్ని గంటలు గమనిస్తాం.

ఇంట్లో మంచం మామూలుగా మూడడుగులు ఉండదు. వంటింటి గట్టు ఉంటుంది. డాబా పిట్టగోడ సంగతి చెప్పక్కర్లేదు. వచ్చేటప్పుడు ఎత్తు చేత్తో చూపించి చెప్పండి.

"అమ్మకి తేడాగా అనిపించడం" అనేది అంత పెద్ద పరిశోధనలో ఒక అంశంగా నిలబడింది చూడండి. అందుకే అత్తగారు "పిల్లలన్నాక పడరా" అన్నా, మీకు బిడ్డ ఎప్పటిలా లేదనిపిస్తే వచ్చేయండి.

రెండేళ్ళు దాటిన పిల్లల్లో మత్తు, పుర్రె అడుగు విరిగిన గుర్తులు, స్పృహ తప్పడం, వాంతులు, తీవ్రమైన తలనొప్పి, ఐదడుగుల కన్నా ఎత్తు నుంచి పడటం చూస్తాం.

బొప్పి బయటికి కడితే మంచిదంటారు కదా?

బొప్పి అంటే చర్మం కింద రక్తం, అంతే. బయటికి వచ్చినంత మాత్రాన లోపలిది బయటికి వచ్చేసినట్టు కాదు. నుదుటి మీది బొప్పికి పిల్లల్లో పెద్దగా కంగారుపడం. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. గాయం మీద కాఫీపొడి, పసుపు వేయకండి, కుట్లు వేసేముందు దాన్ని కడిగేసరికి మా నర్సుకి తల ప్రాణం తోకకొస్తుంది.

నిద్రపోనివ్వకూడదా?

డాక్టరు చూసి ఇంటికి పంపాక నిద్రపోవచ్చు. రాత్రంతా చెంపలు తడుతూ కూర్చోబెట్టనక్కర్లేదు. పిలిస్తే మామూలుగా లేస్తున్నారా, పేరు చెబుతున్నారా అని మధ్యలో ఒకటి రెండుసార్లు చూస్తే చాలు. లేపినా లేవకపోతే అది నిద్ర కాదు.

రేడియేషన్ భయం ఎంత నిజం?

తల సీటీ ఒకటి తీస్తే సుమారు 2 మిల్లీసీవర్ట్‌ల (రేడియేషన్ కొలత అది) రేడియేషన్ పడుతుంది. ఏమీ చేయకుండా ఇంట్లో కూర్చున్నా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 వరకూ పడుతూనే ఉంటుంది. అరవై ఏళ్ళ మనిషి దీనికి భయపడి అవసరమైన స్కాన్ మానుకుంటే పిచ్చితనం. పిల్లల సంగతి వేరు. బ్రిటన్‌లో పిల్లల స్కాన్‌ల మీద జరిగి 2012లో వచ్చిన పరిశోధన ప్రకారం, పదేళ్ళలోపు పిల్లలకి 10,000 తల స్కాన్‌లు తీస్తే ఆ తర్వాతి పదేళ్ళలో ఒక బ్లడ్ క్యాన్సరు, ఒక బ్రెయిన్ ట్యూమర్ అదనంగా రావచ్చని అంచనా. అవసరమైన బిడ్డకి స్కాన్ ఆపేంత పెద్ద సంఖ్య కాదది. అమ్మమ్మ మనశ్శాంతి కోసం తీయించేంత చిన్నదీ కాదు. గర్భిణికి తల స్కాన్ అవసరమైతే తీయొచ్చు, కడుపులో బిడ్డకి చేరేది దాదాపు ఏమీ ఉండదు.

ఎక్స్‌రే చాలదా? ఎమ్మారై ఇంకా మంచిది కదా?

ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, మెదడు కనబడదు. ఎమ్మారై చాలా వివరంగా చూపిస్తుంది గాని టైం పడుతుంది, కదలకుండా పడుకోవాలి. అప్పుడే కారిన రక్తాన్ని తొందరగా చూపించేది సీటీయే. తర్వాత వారాల తరబడి తలనొప్పి, మరుపు పోకపోతే ఎమ్మారై సంగతి చూస్తారు.

స్కాన్ నార్మల్. ఇంక నిశ్చింతేనా?

ఆ నిమిషానికి రక్తం లేదని మాత్రమే అది చెబుతుంది. మెదడు అదిరిన అదురు స్కాన్‌లో కనబడదు. నార్మల్ రిపోర్టు వచ్చినవాళ్ళకి కూడా కొన్ని రోజులు తలనొప్పి, వెలుతురు చూస్తే చికాకు, ఏకాగ్రత లేకపోవడం ఉండొచ్చు. వయసు మళ్ళినవాళ్ళనీ, రక్తం పలచబడే మాత్రలవాళ్ళనీ కొన్ని వారాలు కనిపెట్టుకుని ఉండాలి.

స్కాన్ లేకుండా ఇంటికి పంపారు. ఏం చూసుకోవాలి?

మొదటి 24 గంటలు ఒంటరిగా ఉంచకండి. తలనొప్పి తగ్గకపోగా పెరుగుతున్నా, వాంతులు మొదలైనా, మాట తడబడినా, కొత్తగా మత్తుగా ఉన్నా, చెయ్యో కాలో బలం తగ్గినా, ఫిట్స్ వచ్చినా, ముక్కు చెవుల్లోంచి నీళ్ళలా కారినా వెనక్కి రండి, అర్ధరాత్రైనా సరే. నొప్పికి పారాసిటమాల్ వేయండి. నిద్రమాత్ర వద్దు. మందుల షాపులో ఇచ్చే ఇతర నొప్పి మాత్రలు డాక్టర్ని అడక్కుండా వద్దు.

మా ఊళ్ళో స్కాన్ సెంటర్ లేదు. వెంటనే సిటీకి పరుగెత్తాలా?

పైన పెద్దవాళ్ళ జాబితాలో గాని పిల్లల గుర్తుల్లో గాని ఏదైనా ఉంటే బయల్దేరండి. లేకపోతే దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గర కొన్ని గంటలు ఉండటం మేలు. మనిషి కళ్ళముందే మత్తులోకి జారుతుంటే మధ్యదారిలో స్కాన్ సెంటర్ దగ్గర ఆగి ఫిల్ము తీయించుకుని రావద్దు, న్యూరోసర్జన్ ఉన్నచోటికే నేరుగా వెళ్ళండి. మెడ నొప్పి అంటే మెడ కదపకుండా తీసుకెళ్ళాలి. ఆటోలో ముడుచుకుని కూర్చోబెడితే మెడకి వచ్చే ముప్పు తలది కన్నా పెద్దది కావచ్చు.

ఇంకొకటి. పడ్డప్పుడు చూసిన మనిషి బండి ఎక్కాలి. చుట్టాలు నలుగురు వచ్చి, చూసినతను ఊళ్ళోనే ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను. రాలేకపోతే అతని ఫోన్ నంబరు అయినా తీసుకోండి.

బండి మళ్ళీ ఎప్పుడు నడపొచ్చు?

ఒకటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత ఇంటి పనులు, ఆ తర్వాత ఆఫీసో కాలేజీయో. తలతిప్పడం, మసకచూపు పూర్తిగా తగ్గేదాకా బండి వద్దు. ఆటలాడే పిల్లలు లక్షణాలన్నీ పోయి, డాక్టరు సరేనన్నాకే గ్రౌండ్‌లోకి దిగాలి.

దెబ్బ తిన్న ఆ హెల్మెట్‌ని కడిగి మళ్ళీ మేకుకి తగిలించకండి. లోపలి థర్మోకోల్ మీ తల బదులు ఒకసారి నలిగింది, రెండోసారి నలగడానికి అందులో ఏమీ మిగల్లేదు. కొత్తది కొనండి.